ఒళ్ళో పిల్లను పెట్టిన సత్తెవ్వ

అనగనగా అంటే ఎప్పుడని అడగొద్దు. మా తాత వాళ్ళ తాతను అలాగే అడిగితే "నోర్మూసుకొని విను" అన్నాడట. నేనూ అదే అంటాను. గొర్రెలకు మనుషుల పేర్లు పెట్టి పిలిచే కాలం అనుకోండి, సరిపోతుంది.

ఆ కాలంలో పెద్దేటి ఒడ్డున మందలగూడెం అనే ఊరుండేది. ఊరంతా గొర్రెల కాపరులే. ఇంటికో మంద, చేతికో కర్ర, భుజానికో గొంగడి. వానలు వెనకబట్టేసరికి ఏటికి అవతల గట్టు మీద మోకాలెత్తు గడ్డి పెరిగేది. మందలన్నీ ఏరు దాటి నాలుగు నెలలు అక్కడే ఉండేవి. గొర్రెలు ఈనేదీ అక్కడే, పిల్లలు పెరిగేదీ అక్కడే. అప్పట్లో ఏరు మోకాటి లోతే. ముసలీ ముతకా, పిల్లా జెల్లా, అందరూ నడిచే దాటేవాళ్ళు.

ఒక ఏడు పెద్ద వాన పట్టుకుంది. మూడు పగళ్ళు, మూడు రాత్రుళ్ళు తెరిపి లేదు. వాన వెలిసి చూస్తే ఏరు దారి మార్చుకుంది. మోకాటి లోతు కాస్తా మూడు నిలువుల లోతయింది. ఇక నడిచే మాట లేదు, పుట్టి ఎక్కాల్సిందే. పుట్టి అంటే వెదురును బుట్టలా గుండ్రంగా అల్లి, అడుగున తోలు బిగించిన పడవ. దానికి ముందూ ఉండదు, వెనకా ఉండదు. తెడ్డు వేయడం రానివాడు ఎక్కితే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది.

వయసులో ఉన్నవాళ్ళు పది రోజుల్లో నేర్చుకున్నారు. పెద్దవాళ్ళు "మాకెందుకు, మీరే కూసోబెట్టి తోలుకపోండ్రి" అన్నారు. సరేనన్నారు.

మొదటి పుట్టిలో ఐదుగురు పెద్దవాళ్ళు ఎక్కారు. వాళ్ళలో బీరయ్య ఒకడు. కులపెద్ద ఓదెలుకు తండ్రి. పుట్టి కదిలింది. కదిలిందో లేదో ఐదుగురూ లేచి నిలబడ్డారు. బయల్లో మందను కాసేటప్పుడు ఎలా నిలబడతారో అలాగే, కర్రను చంక కింద ఆనించుకొని, ఒక కాలు మడిచి. "కూసోండ్రి, కూసోండ్రి" అని ఒడ్డున ఉన్నవాళ్ళు మొత్తుకున్నారు. పుట్టి ఒరిగింది. నలుగురిని పైకి లాగారు. బీరయ్య దొరకలేదు. ఏరు మాత్రం తన దారిన తాను పారింది.

దినాలు అయ్యాక ఓదెలు ఊరిని పిలిచాడు.

"అరవై దాటినోళ్ళు ఇగ పుట్టి ఎక్కొద్దు. ఇది నా మాట" అన్నాడు.

ఎవరూ ఎదురు చెప్పలేదు. కొడుకు కళ్ళు ఎలా ఉన్నాయో అందరికీ కనపడుతూనే ఉంది.

ఆ ఏడు మందలు గట్టుకు పోయాయి, పెద్దవాళ్ళు ఊళ్ళో మిగిలారు. గంజి ఉంది, గొంగడి ఉంది, నీడ ఉంది. గొర్రె అరుపు మాత్రం లేదు. పుట్టిన దగ్గర్నుంచీ గొర్రెల మధ్య బతికిన మనిషికి ఆ చప్పుడు లేని పగలు ఎంత పొడుగో నేను చెప్పలేను. అవతల గట్టు మీద ఇంకో కష్టం. పిల్ల అడ్డం తిరిగి గొర్రె ఈనలేకపోతే చెయ్యి పెట్టి పిల్లను సరిచేసి తీసే నేర్పు ఓదెలు తల్లి ఐలవ్వది. మేతలో విషపు ఆకు పడితే ఏ పసరు పోయాలో తెలిసినవాడు కొమురయ్య. గాలి వాసన చూసి తోడేలు ఏ దిక్కున ఉందో చెప్పేవాడు మైసయ్య. ముగ్గురూ ఇవతలే ఉండిపోయారు. నూరు పిల్లలు పుడితే ముప్పై బతికాయి.

మందలు తిరిగొచ్చిన రోజు ఐలవ్వ కొడుకు ముందు నిలబడింది.

"బిడ్డా, వచ్చే ఏడన్న నన్ను పోనియ్యి."

"నాయన పోయింది సాలదా అవ్వా?"

"నీకు నాయన అయితే నాకేం కాడా? నాకు దుక్కం లేదా? కడుపుల పిల్ల కడుపులనే సచ్చిపోతుంటే, తీసే చెయ్యి ఈడ ఊకె కూసున్నదిరా."

ఓదెలు తల అడ్డంగా ఊపాడు.

"కూసోబెట్టి తోలుకపోవుడు ఎవ్వనితోని కాలే. నేనిగ నమ్మ. ఏరు దాటే దినం నాటికి మీకు మీరే తెడ్డేసుకొని అవతలికి పోయి మళ్ళ రాండ్రి. వస్తే నా మాట నేనే ఎత్తేస్త. రాకపోతే ఇగ ఈ జన్మల అడగొద్దు."

ఎండాకాలం గడిచి, ఏరు దాటే దినం మూడు నెలల్లోకి వచ్చింది. ముగ్గురు ముందుకొచ్చారు. ఐలవ్వ, కొమురయ్య, మైసయ్య. ముగ్గురికీ అరవై ఎప్పుడో దాటింది. ఎంత దాటిందో వాళ్ళకూ తెలియదు.

నేర్పడానికి మొదట పోచాలు వచ్చాడు. తెడ్డు పట్టడంలో ఆ ఏటి మీద అతన్ని మించినవాడు లేడు. మనసు మంచిది, నోరు పెద్దది. ఊరంతా చూస్తుండగా ముగ్గురినీ ఒడ్డున నిలబెట్టాడు. "ఈ కట్టెలెందుకు?" అని వాళ్ళ కర్రలు లాగి పక్కన పడేశాడు. చేతికి తెడ్లిచ్చాడు. కర్ర లేని కాపరికి చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. తెడ్డు తిరగబడింది.

"అట్ల గాదు! ఎన్నిసార్లు చెప్పాలె?"

వయసు పిల్లలు నవ్వారు. మైసయ్యకు చెవులు మందం. అందుకని పోచాలు ఇంకా గట్టిగా అరిచాడు. మైసయ్యకు మాట వినపడలేదు, అరుపు మాత్రం కనపడింది. కొమురయ్య తెడ్డును నీళ్ళలో పడేసి, తన కర్ర తాను ఏరుకొని, వెనక్కి చూడకుండా ఇంటికి పోయాడు.

తర్వాత నర్సింలు వచ్చాడు. పదూళ్ళు తిరిగినవాడు, మాటకారి. అరవలేదు, తిట్టలేదు. ముగ్గురినీ ఇసుకలో కూర్చోబెట్టి పుట్టి నడిపే పద్ధతులు పద్దెనిమిది చెప్పాడు. గాలి ఇటు వీస్తే ఏం చేయాలి, అటు వీస్తే ఏం చేయాలి, సుడి వస్తే ఏం చేయాలి. ఎండ నడినెత్తికి వచ్చింది.

"సమజైందా?" అన్నాడు.

"అయింది" అన్నారు ముగ్గురూ. కాలేదంటే పరువు పోదూ? ఆ వయసులో పరువు తప్ప ఇంకేం మిగులుతుంది గనక.

నడుములోతు నీళ్ళలో పుట్టి ఎక్కించాడు. పుట్టి కదిలింది. ముగ్గురూ లేచి నిలబడ్డారు. బుడుంగున మునిగి లేచారు. నర్సింలు తల పట్టుకున్నాడు.

"మొక్కయి వంగనిది మానయి వంగుతదా?" అని సామెత చెప్పి వాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడు. సామెతలతో ఇదే చిక్కు. చెప్పినవాడికి పని తప్పుతుంది.

నెల గడిచింది. ఏరు మాత్రం తన దారిన తాను పారింది.

ఆ ఊరి చివర, నీళ్ళను ఆనుకొని ఒక గుడిసె. అందులో సత్తెవ్వ ఉండేది. పుట్టిలకు తోలు కుట్టి, చిల్లులు పూడ్చి బతికేది. మొగుడు లేడు, పిల్లలు లేరు, పిలిచి పీట వేసేవాళ్ళు లేరు. కాపరుల కులం కాదు కాబట్టి ఊరు కూర్చున్నచోట ఆమెకు మాట లేదు. పుట్టికి చిల్లు పడితే తప్ప ఊరికి ఆమె పేరు గుర్తు రాదు.

సత్తెవ్వ ఆ నెలంతా చూసింది. నేను నేర్పుతానని అనలేదు. ఆమెకు నేర్పడం తెలుసో తెలియదో ఆమెకే తెలియదు. కానీ చలికాలం దగ్గరికొస్తోంది, కప్పుకోవడానికి గొంగడి లేదు. ఐలవ్వ గుమ్మం ముందుకు పోయి నిలబడింది.

"అవ్వా, ఉన్ని వడుకుడు నాకు నేర్పుతవా?"

ఏడాదిగా ఐలవ్వను ఎవరూ ఏదీ అడగలేదు. తిన్నావా అని అడిగేవాళ్ళున్నారు గానీ, నేర్పుతావా అని అడిగినవాళ్ళు లేరు. చీర దులుపుకొని లేచింది. కదురు తెచ్చింది.

మొదటి రోజు దారం తెగింది. రెండో రోజు దారం తెగింది. మూడో రోజు దారం తెగింది, ఉన్ని ఉండలు కట్టింది, సత్తెవ్వకు ఏడుపొచ్చింది.

"నాతోని గాదు అవ్వా. మొద్దు చేతులు నావి."

"మొద్దు చేతులు గావు, తోలు కుట్టే చేతులు" అంది ఐలవ్వ. "గట్టిగ లాగుడే వాటికి ఎరుక. ఉన్నిని గూడ తోలనుకుంటున్నయ్. వాటిని తిట్టకు. జర నిదానంగ చెప్పు, ఇది వేరని. తెగితే ముడేస్కో. తెగిందని కదురుతోని కొట్లాడకు."

సత్తెవ్వ ముడేసుకుంది. మళ్ళీ వడికింది. ఈసారి జానెడు దారం నిలిచింది. ఎంత సంబరపడిందంటే, కొత్త పుట్టి నీళ్ళలో దిగినప్పుడు కూడా అంత పడలేదు.

ఇద్దరూ అలా కూర్చొని ఉండగా ముందు దారిన ఒక మంద పోయింది. ఐలవ్వ మోకాళ్ళు పట్టుకొని, మూలుగుతూ లేచి నిలబడింది. మంద పోయాక కూర్చుంది. కాసేపటికి ఇంకో మంద పోయింది. మళ్ళీ లేచింది, మళ్ళీ కూర్చుంది. మూడో మంద వచ్చింది. మూడోసారీ లేచింది.

"అవ్వా, మోకాళ్ళు నొస్తున్నయంటివి. మరెందుకు లేస్తున్నవ్?"

"నేనా? లేచిన్నా?"

"మూడుసార్లు లేచినవ్."

ఐలవ్వ తన కాళ్ళవైపు చూసుకుంది. ఎవరి కాళ్ళో అన్నట్టు చూసుకుంది.

"మంద కదిలితే కాపరి కూసోడు బిడ్డా. ఐదేండ్లప్పుడు మా నాయన కట్టెతోని కొట్టి నేర్పిండు. కూసుంటే నిద్రొస్తది, నిద్రొస్తే తోడేలొస్తది. గప్పటిసంది ఏది కదిలినా కాళ్ళు లేస్తయ్. నేను లేపుత లేను, అవే లేస్తయ్."

సత్తెవ్వ చేతిలో కదురు ఆగిపోయింది.

"పుట్టి గూడ కదులుతది గద అవ్వా."

ఐలవ్వ తలెత్తి ఏటివైపు చూసింది.

"గందుకే లేచిండా మా ఆయన? మొండితనం అనుకున్న బిడ్డా. ఊరంతా కూసోమని మొత్తుకుంటుంటే వినకుండ లేచిండని, ఏడాదిసంది మనసుల తిట్టుకుంటున్న." కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. సత్తెవ్వ ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఏడుపు అయ్యేదాకా ఏమీ అడగలేదు.

అయ్యాక అడిగింది.

"మంద పోతున్నా కాపరి కూసునే యాళ్ళ ఒక్కటన్న లేదా అవ్వా?"

"ఉన్నది. ఒళ్ళె పిల్లుంటే కూసుంటం. అప్పుడే పుట్టిన పిల్ల ఒళ్ళె ఉంటే మంద గట్టు దాటిపోయినా లేవం. మందను ఎనక పోయి కలుసుకోవచ్చు. పిల్లను ఇడిస్తే మళ్ళ దొరకది."

అంతే. అది పోచాలుకు తెలియదు, నర్సింలుకు తెలియదు. తెలిసిన ముగ్గురికీ తమకు తెలుసన్న సంగతి తెలియదు.

మర్నాడు పొద్దెక్కి కీళ్ళకు కాస్త ఎండ తగిలాక, సత్తెవ్వ ముగ్గురినీ ఏటి రాళ్ళ మలుపు దగ్గరికి తీసుకుపోయింది. ఊళ్ళోంచి చూస్తే ఆ చోటు కనపడదు. చూడనిదే నవ్వు రాదు కదా. పుట్టిని ఇసుక మీదే పెట్టింది. కాలం కాని కాలంలో ఈనిన గొర్రెల పిల్లలు మూడు దొరికితే, గొంగడి ముక్కల్లో చుట్టి తెచ్చింది. ముగ్గురి ఒళ్ళోనూ మూడు పిల్లలను పెట్టింది.

కొమురయ్య మూతి తిప్పాడు. మనవరాలి వయసు మనిషి దగ్గర నేర్చుకోవడం ఆయనకు నామోషీ.

"ఇసుకల పుట్టి ఎక్కి ఏడికి పోదామే?"

"ఏడికీ పోం తాతా. రొట్టె తిందాం."

జొన్నరొట్టె తిన్నారు. గొర్రెల మాటలు మాట్లాడుకున్నారు. ఇంటికి పోయారు. మూడు రోజులు ఇదే పని. నాలుగో రోజు పుట్టిని మోకాటి లోతు నీళ్ళలో పెట్టి, తాడుతో గుంజకు కట్టింది. అలకు పుట్టి కదిలింది. ముగ్గురి మోకాళ్ళూ లేవబోయాయి. ఒళ్ళో పిల్ల మే అంది. చెయ్యి పిల్ల మీదికి పోయింది, మోకాళ్ళు కిందికి దిగాయి. కొమురయ్య ఒకసారి లేచి తడిశాడు. రెండోసారి లేచి తడిశాడు. మూడోసారి లేవలేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అక్కడ ఎవరూ లేరు.

తర్వాత తెడ్డు వంతు. సత్తెవ్వ వాళ్ళ కర్రలు అడగలేదు. ఆ కర్రల కొసకే తలా ఒక చెక్క పలక కట్టింది. పట్టుకునే చోటు పాతదే, కొస మాత్రం కొత్తది. మైసయ్యకు ఎదురుగా కూర్చొని, తన చెయ్యి ఆయన చేతి మీద వేసి, కర్రను నీళ్ళలోకి దింపి లాగింది. మాట్లాడలేదు. ఆయన మళ్ళీ ఆమె చేతి మీద తన చెయ్యి వేసి లాగి చూపించాడు. అవునని తలూపింది. ఇద్దరికీ ఆ రోజుకు అదే పాఠం.

పుట్టి మాత్రం ముందుకు పోలేదు. గిరగిరా తిరిగింది. నిన్నా తిరిగింది, మొన్నా తిరిగింది. సత్తెవ్వకు నడపడం చేతికి వచ్చు గానీ, అది నోటితో ఎలా చెప్పాలో తెలియలేదు. నిజంగానే తెలియక అడిగింది.

"తాతా, మంద ఇట్లనే సుట్టు తిరుగుతుంటే మీరేం చేస్తరు?"

"ఏముంది? పక్కలకు కొడితే ఇంకింత తిరుగుతది. ముందలి గొర్రెను నీ దిక్కు గుంజుకో. తక్కినయి అవే వస్తయ్." అని కొమురయ్య ఆగాడు. చేతిలో కర్రను చూశాడు. పక్కన తడుతున్న కర్రను తీసి పుట్టి ముందువైపు వేసి, నీళ్ళను తనవైపు గుంజాడు. పుట్టి తిరగడం మానేసి నాలుగు బారలు ముందుకు పోయింది.

కొమురయ్య అరిచాడు. అరవై దాటిన మనిషి ఆరేళ్ళవాడిలా అరిచాడు. "మళ్ళిందే! మంద మళ్ళిందే!" ఆ రోజు నుంచి ఆయన అందరికంటే ముందే రాళ్ళ మలుపు దగ్గరికి వచ్చి కూర్చునేవాడు.

అన్నీ సాఫీగా సాగాయనుకోకండి. ఏరు దాటే దినం వారంలోకి వచ్చింది. సత్తెవ్వకు కంగారు పుట్టింది. మైసయ్య మాటిమాటికీ తెడ్డును ఎడమకు వేస్తుంటే ఒకనాడు ఓపిక పోయింది. "అట్ల గాదు! ఎన్నిసార్లు చెప్పాలె?" అంది. అచ్చం పోచాలు మాటే. మైసయ్య ముఖం చిన్నబోయింది. ఐలవ్వ మెల్లగా అంది.

"దారం గట్టిగ లాగుతున్నవ్ బిడ్డా."

సత్తెవ్వకు సిగ్గేసింది. మైసయ్య కాళ్ళ దగ్గర కూర్చొని "తప్పయింది తాతా" అంది. ఆయనకు వినపడలేదు గానీ అర్థమైంది. ఆ రోజు నేర్పడం మానేసి నలుగురూ రొట్టె తిన్నారు. మర్నాడు తెడ్డు సరిగ్గా పడింది.

ఏరు దాటే దినం వచ్చింది. ఊరంతా ఒడ్డున ఉంది. మందలు ఒడ్డున ఉన్నాయి. ఓదెలు అందరికీ ముందు, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ముగ్గురు పెద్దవాళ్ళు గొంగళ్ళు కప్పుకొని పుట్టి ఎక్కారు. ఒళ్ళో పిల్లలను చూసి కొందరు నవ్వారు. "గొర్రెపిల్లలు తెడ్డేస్తయా?" అన్నాడొకడు. సత్తెవ్వ కట్టుతాడు విప్పి వదిలేసింది.

పుట్టి కదిలింది. ఓదెలు కట్టుకున్న చేతులు విప్పాడు. తన తండ్రి లేచింది అప్పుడే.

ఎవరూ లేవలేదు.

కొమురయ్య ముందువైపు నీళ్ళను గుంజుతున్నాడు. ఆయన అలిస్తే మైసయ్య, మైసయ్య అలిస్తే ఐలవ్వ. ఏటి నడుమ సుడి ఉంది. బీరయ్యను లాక్కుపోయి మింగిన సుడి అది. పుట్టి అక్కడికి పోయి గిర్రున తిరిగింది. ఒడ్డు మీద వందమంది ఒక్కసారే అరిచారు. "లేవకుండ్రి! కూసోండ్రి! ఎడమకు! గాదు, కుడికి!" అది విని ఎవరైనా బతికి బట్టకట్టగలరా? ఓదెలు కళ్ళు మూసుకున్నాడు.

ఐలవ్వకు ఆ అరుపులేవీ వినపడలేదు. ఒళ్ళో పిల్ల బెదిరి గిలగిలలాడుతోంది. మోకాళ్ళ మధ్య దాన్ని అదిమి పట్టుకొని, "ఏం లేదు తల్లీ, ఏం లేదు" అంటూ కర్రను ముందుకు వేసి గుంజింది. తెడ్డు జారింది. మళ్ళీ వేసింది. మళ్ళీ జారింది. మూడోసారి తెడ్డుకు పట్టు చిక్కింది. పుట్టి సుడిలోంచి బయటపడి అవతలి గట్టుకు తగిలింది. ముగ్గురూ దిగలేదు. మాట ప్రకారం మళ్ళీ ఇవతలికి వచ్చారు.

ఓదెలు నీళ్ళలోకి నడిచి వచ్చాడు. తల్లిని చూశాడు, ఒళ్ళో పిల్లను చూశాడు. కులపెద్ద గదా, ఊరి ముందు ఏడవకూడదు. ఏడ్చాడు.

"మా నాయన ఒళ్ళె గూడ ఒక పిల్లను పెడితే బతుకుతుండె గదా అవ్వా."

"బతుకుతుండె బిడ్డా. అప్పుడు మాకెవ్వరికీ తెల్వదు. మమ్ముల ఎవ్వరూ అడగలే, మేమెవ్వరికీ చెప్పలే." ఐలవ్వ పక్కకు జరిగింది. "ఎక్కు."

తండ్రి పోయినప్పటి నుంచీ ఓదెలు పుట్టి ముట్టలేదు. నీళ్ళంటే భయమని ఎవరికీ చెప్పలేదు కూడా. ఐలవ్వ తన ఒళ్ళోని పిల్లను తీసి కొడుకు ఒళ్ళో పెట్టింది. కొడుకు కూర్చున్నాడు. తల్లి తెడ్డు వేసింది. వాళ్ళ వెనక ఊరి పెద్దవాళ్ళందరూ, వాళ్ళ వెనక మందలూ ఏరు దాటాయి. ఆ ఏడు నూరు పిల్లలు పుడితే తొంభై బతికాయి.

సత్తెవ్వకు ఓదెలు పది గొర్రెలు ఇస్తానన్నాడు. "గొర్లను కాసుడు నాకు రాదు పెద్దయ్యా. ఐలవ్వ దగ్గర ఇంకా వడుకుడు నేర్చుకునేదున్నది, అది నేర్చుకోనియ్యి" అంది. తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఊళ్ళో ఎందరో పెద్దవాళ్ళకు పుట్టి నేర్పింది. ప్రతివాళ్ళ దగ్గరా ముందు తాను ఒకటి నేర్చుకుంది. పసరు నూరడం ఒకరి దగ్గర, గాలి వాసన పట్టడం ఒకరి దగ్గర, జోలపాట ఒకరి దగ్గర. ఏదీ ఆమెకు పూర్తిగా వచ్చింది లేదు. రాకపోవడానికి ఆమె సిగ్గుపడిందీ లేదు.

ఒక ఎండాకాలం పొద్దున, పుట్టికి తోలు కుడుతూ కుడుతూ గోడకు ఆనుకొని ప్రాణం విడిచింది. ముందు నడవడానికి కొడుకు లేడు, పాడె పట్టడానికి చుట్టం లేడు. ఏ కులం, ఎవరు ముట్టాలి అని ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. అప్పటికి ఓదెలుకే అరవై దాటాయి. కర్ర పోటు వేసుకుంటూ వచ్చాడు.

"మా అవ్వను పదేండ్లు గట్టు మీద బతికిచ్చింది ఈమె. నేను కొడుకును" అన్నాడు. నిప్పుకుండ అందుకొని ముందు నడిచాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. ఊరికి ఊరే వెనక నడిచింది.

ఇప్పుడు ఆ ఏటి మీద వంతెన పడింది. పుట్టిలు తక్కువే. అయినా ఏరు దాటే దినం వస్తే, మొదటి పుట్టి ఆ ఊళ్ళో అందరికంటే పెద్దవాళ్ళది. ఒళ్ళో పిల్లను పెట్టుకొని, తమ కర్రతో తామే తెడ్డు వేసుకుంటూ పోతారు. వాళ్ళు అవతల దిగేదాకా వయసువాళ్ళు ఎవరూ ఏరు దాటరు, ఎవరూ నోరెత్తి సలహా చెప్పరు. పెద్దవాళ్ళకు ఏదైనా నేర్పుతూ విసుక్కునేవాళ్ళు కనపడితే ఆ ఊరివాళ్ళు అడిగే మాట ఒకటుంది. "ఒళ్ళె పిల్లను పెట్టినవా?" అని.

ఆ మాట నేనూ పడ్డాను. మా అమ్మది ఆ ఊరే. పెళ్ళయి వచ్చాక నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి ఊదిన మనిషి. ఇంటికి గ్యాసు పొయ్యి తెచ్చి వెలిగించి చూపించాను. మంట చిన్నగా ఉందని వంగి ఉఫ్ఫున ఊదింది. ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాను, మళ్ళీ ఊదింది. మూడోసారి నేను అరిచాను. ఏమరిచానో ఇక్కడ చెప్పను, చెప్పుకోదగింది కాదు. అమ్మ కోపగించుకోలేదు. పొయ్యి దగ్గర్నుంచి జరిగి, "ఒళ్ళె పిల్లను పెట్టినవా బిడ్డా?" అని మాత్రం అడిగింది.

గ్యాసు కట్టేసి అమ్మతో పెరట్లోకి పోయాను. "కట్టెల పొయ్యి ఎట్ల ఊదాలె, నాకు నేర్పు" అన్నాను. గొట్టం అందుకొని ఊదాను. మంట రాలేదు, పొగ వచ్చింది. కళ్ళు మండాయి, దగ్గొచ్చింది, బూడిద నెత్తిన పడింది. అమ్మ పొట్ట పట్టుకొని నవ్వింది. ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి వంట చేశాం, గ్యాసు పొయ్యి మీద. ఈసారి ఆమే వెలిగించింది, ఊదలేదు.

కథ గట్టెక్కింది. మీరిక లేవచ్చు.